వెండి సామాను మెరుగు, 3వ పాఠం: రుద్దకుండా నలుపు వదిలించడం

పోయిన పాఠంలో అసలు వెండినీ వెండిపూతనీ వేరుచేశాం. పూత వస్తువులు పక్కనే ఉండనివ్వండి. ఇవాళ అసలు వెండి చెంచాలు నాలుగైదు తీసుకోండి. నల్లబడిన ఉగ్గుగిన్నె ఉంటే అదీ తెచ్చుకోండి.

ముందు ఒక మాట. వెండి మీద నలుపు మురికి కాదు. గాలిలోనూ కోడిగుడ్డులోనూ ఉల్లిపాయలోనూ ఉండే గంధకం వెండితో కలిస్తే సిల్వర్ సల్ఫైడ్ తయారవుతుంది. చెంచాలన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టామా, బ్యాండు తగిలిన చోట నల్లటి గీత పడుతుంది. అదీ గంధకం పనే. అంటే ఆ నల్లటి పొరలో ఉన్నది మన వెండే. విభూతితోనో టూత్‌పేస్టుతోనో రుద్దితే నలుపుతో పాటు ఆ వెండి కూడా గుడ్డకి అంటుకుని పోతుంది.

మా అమ్మమ్మ చెంచా కాడ వెనక, పెళ్ళికి చదివించినవాళ్ళ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించారు. ప్రతి పండక్కీ తోమీ తోమీ ఇప్పుడు మొదటి అక్షరం తలకట్టు ఒక్కటే మిగిలింది. మిగతా చోట వేలితో తడిమితే నున్నగా తగులుతుంది. ఎవరు పెట్టారో చెప్పేవాళ్ళు కూడా ఇప్పుడు ఇంట్లో లేరు. ఈ పద్ధతి అందరికీ నేర్పాలని నా పట్టుదల అందుకే.

ఇక పని. వెడల్పాటి గాజు గిన్నె గానీ స్టీలు గిన్నె గానీ తీసుకుని, చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ అడుగున పరవండి. ఏ వైపు పైకి ఉన్నా ఫర్వాలేదు. జిడ్డు లేకుండా కడిగిన చెంచాల్ని దాని మీద పేర్చండి. ప్రతి చెంచా ఫాయిల్‌కి తగిలి తీరాలి, తగలకపోతే పని జరగదు. రెండు పెద్ద చెంచాల వంటసోడా చల్లి, లీటరు మరిగే నీళ్ళు మెల్లగా పొయ్యండి. సోడా పొంగుతుంది, కాబట్టి గిన్నె లోతుగా ఉండాలి. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకండి.

కాసేపటికి కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. టెన్షన్ పడకండి, గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు పోతోందన్నమాట. కిటికీ తెరిచి ఉంచండి. వెండి మాత్రం చెంచా మీదే ఉండిపోతుంది. రెండు మూడు నిమిషాలకి పటకారుతో తీసి చూడండి, నలుపు ఇంకా ఉంటే తిప్పి మళ్ళీ వెయ్యండి. బాగా ముదిరిన నలుపుకి ఫాయిల్, నీళ్ళు మార్చి రెండోసారి చెయ్యాలి.

తీశాక మంచినీళ్ళతో కడిగి, పాత నూలు పంచె ముక్కతో వెంటనే తుడవండి. కొన్ని చెంచాలు మెరవకుండా పాలిపోయినట్టు కనిపిస్తాయి. పొడిగుడ్డతో మెత్తగా ఒత్తి తుడిస్తే కళ వస్తుంది.

రాళ్ళు పొదిగినవీ, పిడిలో లక్క నింపిన కత్తులూ ఈ నీళ్ళలో వెయ్యకండి. నగిషీ గాడుల్లో పనివాడు కావాలని ఉంచిన నలుపు ఉంటుంది, అదీ పోతుంది. కరీంనగర్ తీగపని వస్తువుల్ని కూడా ఇప్పుడే ముట్టుకోకండి. సన్నటి తీగల మధ్య సోడా నీళ్ళు నిలిచిపోతాయి, వాటికి విడిగా ఒక పాఠం ఉంది.

అభ్యాసం: ఒక చెంచాని సగం వరకే ముంచి, రెండు సగాల్నీ పగటి వెలుతురులో పక్కపక్కన చూడండి. వచ్చే పాఠంలో దాచిపెట్టే పద్ధతి. ఈలోగా ఆ రబ్బరు బ్యాండ్లు తీసెయ్యండి.