డౌట్ తెచ్చే తిప్పలు, వాటికి మందు

సమస్య: గుంటూరు యార్డులో మిర్చి కొని బయటి దేశాలకు పంపే మనిషి అవతలి పార్టీకి "ఐ డౌట్ దేర్ ఈజ్ టూ మచ్ మాయిశ్చర్" అని మెయిల్ పెట్టాడనుకోండి. టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) తేమ ఎక్కువున్నట్టుంది, ఆరబెట్టి పంపుతా అని ఆయన ఉద్దేశం. అటు నుంచి "గుడ్, షిప్ ఇట్" అని జవాబొస్తుంది, తేమ ఉందంటే గుడ్ అంటాడేంటని ఈయన జుట్టు పీక్కుంటాడు.

కారణం: మన డౌట్ రెండు రకాలుగా పనిచేస్తుంది. "వాడే తీశాడని నా డౌట్" అంటే తీశాడనే అనుకుంటున్నాం. "వాడొస్తాడా? డౌటే" అంటే రాడనే. ఇప్పటి మామూలు ఇంగ్లీషులో ఐ డౌట్ అంటే ఈ రెండోదే, ఆ తర్వాత ఏం చెప్పినా అది కాదని మీ నమ్మకం అన్నట్టు. కాబట్టి తేమ లేదనుకుంటున్నా అని రాసినట్టయింది! (స్కాట్లండ్‌లో మాత్రం "ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్" అంటే వాన పడేలా ఉందనే. మన పార్టీ అక్కడివాడైతే బతికిపోయినట్టే.)

పరిష్కారం: ఉందనిపిస్తే ఐ సస్పెక్ట్, లేదా హాయిగా ఐ థింక్ అనండి. సెండ్ నొక్కేముందు ఐ డౌట్ తీసేసి వాక్యం చివర "లేదనుకుంటా" పెట్టి చదవండి, మీరు చెప్పాలనుకున్నది తిరగబడిందో లేదో అక్కడే తేలిపోతుంది.

"ఐ హావ్ ఎ డౌట్" గొడవ ఇంకోటి. విజయవాడ కోచింగ్ సెంటర్లో చెయ్యెత్తి అలా అంటే సారు ఆనందంగా చెబుతాడు, మన దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. అమెరికా క్లయింటు కాల్‌లో అదే మాటంటే, తను చెప్పింది వీళ్లు నమ్మట్లేదేమో అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ "ఐ హావ్ ఎ క్వశ్చన్" చాలు.

నో డౌట్‌తోనూ జాగ్రత్త. మనకది గ్యారంటీ, వాళ్లు చాలాసార్లు "బహుశా అంతే" అన్నంత మెత్తగా వాడతారు. సరుకు సోమవారం పక్కాగా చేరుతుందని చెప్పాలంటే "డెఫినెట్‌లీ" అనండి, అదీ నిజంగా చేరేటట్టయితేనే.

స్పెల్లింగులో బి ఎగిరిపోతోందా? మీ తప్పేం లేదు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ మాటలో బి లేదు, లాటిన్ మూలంలో ఉందని పండితులు తర్వాత తెచ్చి ఇరికించారు. రాయండి, పలకొద్దు. అప్పు అనే అర్థంలో వాడే డెట్‌లో బి కూడా ఇదే బాపతు.