గెట్ అంటే ‘పొందు’ అని చదివి విమానం ఎక్కకండి

పెండ్లికని ఊరికొచ్చి, నెల తర్వాత తిరిగి అమెరికాలో ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజు. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని పక్క సీటావిడ అడిగింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వి, ‘మై మ్యారేజ్ ఈజ్ ఓవర్’ అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. నా చేతి మీద చెయ్యేసి ‘ఐయామ్ సో సారీ’ అంది. సాయంత్రానికి నా టేబుల్ మీద ఒక చాక్లెట్ డబ్బా వెలిసింది. హనుమకొండలో పెండ్లయిపోయిందంటే అప్పగింతలు కూడా ముగిశాయని. అక్కడ కాపురం ముగిసిందని! నేను అనాల్సింది ‘ఐ గాట్ మ్యారీడ్’.

ఆగస్టులో చదువులకు పోయే పిల్లలు పరకాల నుంచి, నర్సంపేట నుంచి, జమ్మికుంట నుంచి మా ఇంటికి వచ్చి సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలని అడుగుతుంటారు. పచ్చళ్ళ సంగతి అమ్మలు చూసుకుంటారు గాని, నేను మాత్రం గెట్ గురించే చెప్తాను. ‘గెట్ అంటే పొందుడే గద అన్నా!’ అంటారు. బడిలో నేను వల్లెవేసిందీ అదే. కానీ మనం తెలుగులో రోజుకు ఎన్నిసార్లు ‘పొందు’ అంటాం? అక్కడివాళ్ళు గెట్ అనని నిమిషం ఉండదు.

అసలు కిటుకు మన ‘నాకు’లో ఉంది. నాకు జ్వరం వచ్చింది, నాకు ఉద్యోగం దొరికింది, నాకు సమజైంది. ఈ మూడింట్లోనూ మనం ఏమీ చెయ్యలేదు. జ్వరమైనా, కొలువైనా, తెలివైనా దానంతటదే మన దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషువాడు అక్కడ ‘ఐ’ని ముందు కూర్చోబెట్టి పక్కన గాట్ తగిలిస్తాడు. ఐ గాట్ ఎ ఫీవర్, ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ ఇట్. మన ‘అవుతోంది’, ‘పడుతోంది’ కూడా చాలాసార్లు ఇందులోకే వస్తాయి. ఆకలైతుంది అంటే ఐయామ్ గెటింగ్ హంగ్రీ. చీకటి పడుతోంది అంటే ఇట్స్ గెటింగ్ డార్క్. చలికి అలవాటు పడ్డాను అంటే ఐ గాట్ యూజ్డ్ టు ద కోల్డ్. ఈ చివరిది అనడానికి నాకు మాత్రం రెండేళ్ళు పట్టింది.

ఇంకొకటి ‘చేయించు’. కటింగ్ చేయించుకున్నానంటే ఐ గాట్ మై హెయిర్ కట్. కారు బాగుచేయించానంటే ఐ గాట్ మై కార్ ఫిక్స్‌డ్. ‘ఐ ఫిక్స్‌డ్ మై కార్’ అన్నారనుకోండి, రెంచీ పట్టుకుని కారు కింద దూరింది మీరేనని వింటున్నవాళ్ళు అనుకుంటారు. తమ కారు కూడా ఒకసారి చూడమని అడిగినా అడుగుతారు.

బస్సు దగ్గర అందరం తప్పుతాం. కరీంనగర్ బస్సులో ‘నయీంనగర్ దిగేటోళ్ళు ముందుకు రాండ్రి’ అని వినీ వినీ, దిగడమంటే గెట్ డౌన్ అని మన నోటికి పట్టేసింది. అక్కడ బస్సు దిగడం గెట్ ఆఫ్. గెట్ డౌన్ చెట్టు మీది నుంచో, గోడ మీది నుంచో దిగేటప్పటి మాట. పోలీసు గట్టిగా ‘గెట్ డౌన్!’ అని అరిచాడంటే మాత్రం నేల మీద పడుకోమని, ఇక ఆలోచించొద్దు. లేచి నిలబడి నడవగలిగే బండికి ఆన్, ఆఫ్. అంటే బస్సు, రైలు, విమానం. వంగి దూరి కూర్చునే కారుకు ఇన్, అవుట్. సైకిలు, బైకు చిన్నవే అయినా మీదెక్కి కూర్చుంటాం కాబట్టి మళ్ళీ ఆన్, ఆఫే.

చెవికి ఇంకో పరీక్ష. పుస్తకంలో గెట్ ఇట్ అని ఉంటుంది, అమెరికావాడి నోట్లో అది గెడిట్. గాట్ ఇట్ అనేది గాడిట్. అచ్చుల మధ్య పడిన ‘ట’ వాళ్ళ నాలుక మీద మెత్తబడిపోతుంది. ‘ఐ గాడా గో’ అంటే నేను పోవాలె అని. మొదటి వారం నేను గాడా అనే మాటను డిక్షనరీలో వెతికాను. లండన్ పోయేవాళ్ళకు ఈ బాధ తక్కువ. గెట్, గాట్ తర్వాత వచ్చే మూడో రూపం గాటెన్ బాధ కూడా లేదు, బ్రిటన్‌లో దాన్ని ఎప్పుడో దాదాపు వదిలేశారు. అమెరికాలో పాత రూపమే నిలిచింది కాబట్టి ‘ఐ హావ్ గాట్’ అంటే నా దగ్గర ఉంది, ‘ఐ హావ్ గాటెన్’ అంటే నాకు దొరికింది లేదా నేను అలా అయ్యాను అని తేడా పాటిస్తారు.

కౌంటర్ దగ్గర ‘గివ్ మీ ఎ కాఫీ’ అనకండి, పెత్తనం చేసినట్టుంటుంది. ‘కెన్ ఐ గెట్ ఎ కాఫీ’ అంటే చాలు. ఫ్రెండ్ ఫోన్ చేసి ‘ఐ గాట్ ఎ టికెట్’ అన్నప్పుడు ఏ సినిమాకని అడక్కండి. అది కారు స్పీడుకు పోలీసు రాసిన జరిమానా. నేను అడిగాను, వాడు ఫోన్ పెట్టేశాడు. ఇంటర్వ్యూ చివర్లో ‘వి విల్ గెట్ బ్యాక్ టు యూ’ అంటే మన ‘చూద్దాం తియ్’ అనుకోండి. ఒక్కోసారి నిజంగానే పిలుస్తారు, చాలాసార్లు పిలవరు. వారం చూసి మెయిల్ పెట్టండి, ఈలోపు ఇంకోచోట అప్లై చేయండి.

పక్క సీటావిడ సంగతి మిగిలింది. చాక్లెట్లు తిన్న పాపం ఊరికే పోదని, వారం తర్వాత పెండ్లి ఫోటోలు చూపించి అసలు విషయం చెప్పాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి ‘గెట్ అవుట్!’ అని అరిచింది. నిజమా, నమ్మలేకపోతున్నా అని దాని అర్థమట. నాకేం తెలుసు? ఫోన్ జేబులో పెట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దాకా వెళ్ళాను.