దసరా స్టేజీకి మాడ్యులర్ సింథ్ తీసుకెళ్తున్నారా? ముందు మిక్సర్ సంగతి చూడండి

మొన్న గుంటూరులో ఒక చిన్న ప్రోగ్రామ్ సౌండ్‌చెక్‌లోనే స్పీకర్ బాక్సులో సన్నని శబ్దాలిచ్చే హారన్ డ్రైవర్ కాలిపోయింది. మాడ్యులర్ (విడివిడి మాడ్యూళ్లని కేబుళ్లతో కలిపి వాయించే సింథసైజర్) వాయించే కుర్రాడు ఛానల్ తెరిచి ఉండగానే కేబుల్ పీకి పక్క సాకెట్‌లో పెట్టాడు. అక్కడ ఆసిలేటర్, అంటే శబ్దం పుట్టించే మాడ్యూల్, ఫుల్ లెవెల్లో కీచుమంటోంది. స్టేజీ ముందు ఆడుకుంటున్న పిల్లలు చెవులు మూసుకుని ఏడ్చారు. ఇదే తప్పు చాలామంది చేయగా చూశాను. దసరాకి బెజవాడలో స్టేజీ దొరికినవాళ్లు మిక్సర్ కొనేముందు, కట్టుకునేముందు ఇది చదవండి.

మొదటిది మ్యూట్. ప్రతి ఛానల్‌కీ విడి బటన్ ఉండాలి, చీకట్లో కనిపించే లైటు ఉండాలి, పక్క నాబ్‌కి వేలు తగలనంత ఎడం ఉండాలి. నాబ్ సున్నాకి తిప్పితే చాలదా అంటారు. చాలదు. మళ్లీ అదే లెవెల్‌కి తేవడం కష్టం, అందుకే వాయించే ఊపులో ఎవరూ తిప్పరు. మ్యూట్ పక్కనే క్యూ (ముందే విని చూసుకునే బటన్) ఉండాలి, ఛానల్ మూసి ఉన్నా హెడ్‌ఫోన్‌లో వినపడాలి. జాగా చాలకపోతే ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) తీసేయండి, క్యూ మాత్రం తీయొద్దు.

లెవెల్ సంగతి. యూరోర్యాక్ (మాడ్యులర్‌లో ఎక్కువమంది వాడే ఫార్మాట్) ఆసిలేటర్ సుమారు 10 వోల్టులు పీక్ టు పీక్, అంటే అల పై కొస నుంచి కింది కొస దాకా, ఇస్తుంది. స్టేజీ మిక్సర్లు ఆశించే ప్రొఫెషనల్ లైన్ లెవెల్ అదే లెక్కలో దాదాపు 3.5 వోల్టులే. అంటే 9 డీబీ ఎక్కువ. దాన్ని మీ మిక్సర్ అవుట్‌పుట్‌లోనే దించాలి, ఆపరేటర్ చూసుకుంటాడులే అనుకోవద్దు. ప్రతి ఇన్‌పుట్‌లో డీసీని (ఊగకుండా నిలిచి ఉండే వోల్టేజీని) ఆపే కెపాసిటర్ వేయండి. లేకపోతే మ్యూట్ నొక్కినప్పుడల్లా టప్‌మంటుంది.

స్టీరియో అని మురిసిపోవద్దు, స్టేజీ సిస్టమ్ రెండు వైపులా మోనోనే పంపడం మామూలే. బేస్, కిక్ మధ్యలో ఉంచండి. ఒకవైపు పొలారిటీ తిరగేసి (అలని తలకిందులు చేసి) వెడల్పు చేసిన శబ్దం మోనోలో మాయమవుతుంది, ఇంట్లోనే విని చూసుకోండి.

డిలే రిటర్న్‌కీ (ఎకో శబ్దం మిక్సర్‌లోకి తిరిగొచ్చే చోటుకీ) మ్యూట్ పెట్టండి, ఫీడ్‌బ్యాక్ పెరిగితే ఛానల్ మ్యూట్ దాన్ని ఆపదు. 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకి కేబుల్‌లోనే పంపే పవర్) ఆఫ్‌లో ఉందా అని ఆపరేటర్‌ని అడగండి, కళ్లతో చూడండి. మాడ్యూల్‌కి పవర్ ఇచ్చే రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపే. పవర్ ఉండగా మాడ్యూల్ విప్పొద్దు. కరెంటు నుంచి జనరేటర్‌కి మారేటప్పుడు మాస్టర్ వాల్యూమ్ దించండి. కేబుల్ ముట్టుకునే ముందు మ్యూట్. పాట మధ్యలోనైనా మ్యూట్. ఇంట్లో ప్రాక్టీసులోనూ మ్యూట్, స్పీకర్ లేకపోయినా సరే. క్యూలో విన్నాకే తెరవండి. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. ఆంప్లిఫయర్ చివర్లో ఆన్, అన్నిటికంటే ముందు ఆఫ్.