కీర్తనలతో ప్రార్థన నేర్చుకుందాం – 5వ పాఠం: ‘ఎన్నాళ్లవరకు?’

పోయిన పాఠంలో బైబిల్లోని 23వ కీర్తనను రోజుకో వచనం చొప్పున ఆరు రోజులు చదవమన్నాను. అది చాలామందికి కంఠతా వచ్చిన కీర్తన కాబట్టి ఎవరికీ పెద్దగా ఇబ్బంది అయి ఉండదు. ఈసారి 13వ కీర్తన. ఇదీ ఆరు వచనాలే. కానీ దీన్ని మన సొంత ప్రార్థనగా పలకాలంటే నోరు రాదు, ఎందుకంటే ఇది దేవుణ్ణి నిలదీస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఎవరైనా “వందనాలమ్మా, బాగున్నారా?” అంటే, “దేవుని కృప వల్ల బాగున్నామండీ” అంటాం. మా నాన్నగారికి డయాలసిస్ మొదలైన కొత్తలో నేనూ అలాగే అన్నాను. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తెల్లవారుతూనే తార్నాకలో మెట్రో ఎక్కేవాళ్లం, అమీర్‌పేటలో దిగి ఆసుపత్రికి ఆటోలో వెళ్లేవాళ్లం. ఆయన లోపలికి వెళ్లాక నేను బయట స్టీలు కుర్చీలో, ఒళ్లో రిపోర్టుల ఫైలు, పక్కన ఇడ్లీల డబ్బా పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు అక్కడే ఫోన్‌లో 13వ కీర్తన తెరిచాను. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” చర్చి గుమ్మంలో నేను మింగేసిన మాట అక్కడ అచ్చులో కనబడింది.

దేవుణ్ణి ఇలా అడగడం సణగడం కాదా? సణగడం పాపం కదా? ఈ భయం నాకూ ఉండేది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో సణుగుకున్నారని 106వ కీర్తన చెబుతుంది. అంటే దేవుని గురించి మాట్లాడారు గానీ దేవునితో మాట్లాడలేదు. ఈ 13వ కీర్తనలో దావీదు అదే బాధను ‘యెహోవా’ అనే పిలుపుతో మొదలుపెట్టాడు. పైగా కీర్తన మీద ‘ప్రధానగాయకునికి’ అని రాసి ఉంది. ఒక మనిషి చాటుగా పడ్డ ఏడుపును సమాజమంతా కలిసి పాడుకోవడానికి ఇచ్చారన్నమాట. ఉన్న 150 కీర్తనల్లో మరే రకం కన్నా ఇలాంటి విలాపాలే ఎక్కువ. మన పాటల పుస్తకాల్లో మాత్రం స్తుతి పాటలదే పైచేయి. అందుకే కష్టం వచ్చినప్పుడు మనకు మాటలు దొరకవని నేను అనుకుంటున్నాను.

ఇక అభ్యాసానికి వద్దాం. ఒక నోటుబుక్కు తీసుకోండి. మొదటి రెండు వచనాలను పైకి, మీ చెవికి వినబడేలా చదవండి. హీబ్రూలో ‘ఎన్నాళ్లు’ అనే ఒకే మాట ఇక్కడ నాలుగుసార్లు వస్తుంది. మన తెలుగు బైబిల్లో అది ఎన్నాళ్లవరకు, ఎంతకాలము, ఎంతవరకు అని మారుతూ వస్తుంది, కాబట్టి ఆ దెబ్బ మీద దెబ్బ కాస్త మెత్తబడింది. చదివేటప్పుడు ప్రతిచోటా ఒక్క క్షణం ఆగండి.

ఆ ప్రశ్నలు మూడు వైపులకు తిరుగుతాయి. ముందు దేవుని వైపు: నువ్వు మరచిపోయావు, ముఖం తిప్పుకున్నావు. తర్వాత తన లోపలికి: పగలంతా ఈ చింత ఏమిటి? ఆఖరున శత్రువు వైపు. ఒక్కో వైపు గురించి మీ మాటల్లో ఒక్క వాక్యం రాయండి. అందంగా ఉండక్కర్లేదు. రెండో దానికి నేను రాసుకున్నది ఇది: “రాత్రి రెండింటికి లేచి లెక్కలు వేసుకుంటున్నాను ప్రభువా, ఎన్నిసార్లు వేసినా డబ్బు సరిపోవడం లేదు.”

మూడో వాక్యం దగ్గర చాలామంది ఆగిపోతారు. మాకు శత్రువులెవరూ లేరంటారు. మనిషే అయి ఉండాలని లేదు. ఆ నెలల్లో నాకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) అనే మాటే శత్రువు. మీకు ఈఎంఐ కావచ్చు, రాని జాబ్ ఆఫర్ కావచ్చు. నిజంగా ఒక మనిషే గుర్తొస్తే, పేరు రాయడానికి భయపడకండి. ఆ మనిషి మీద కోపాన్ని వీధిలో కక్కడం కన్నా దేవుని ముందు పెట్టడం వెయ్యి రెట్లు మేలు.

మూడు, నాలుగు వచనాల్లో దావీదు దేవునికి మనవి చేసుకుంటాడు. “నా కన్నులకు వెలుగిమ్ము” అనే మాట దగ్గర నిలవండి. సమూయేలు మొదటి గ్రంథం 14వ అధ్యాయంలో ఆకలితో అలసిన యోనాతాను తేనె రుచి చూడగానే అతని కన్నులు ప్రకాశించాయి. మనం ‘కళ్లల్లో జీవం లేదు’ అంటామే, ఆ జీవాన్నే దావీదు అడుగుతున్నాడు. డయాలసిస్ అయ్యాక నాన్నగారు వాడిపోయి బయటికి వచ్చేవారు. ఆయన కళ్లు చూశాకే నాకీ వచనం అర్థమైంది. మీ మనవి కూడా ఇలాగే శరీరానికి తగిలేంత సూటిగా ఉండాలి. “అన్నీ బాగుచేయి” అని రాయకండి. ఈరోజుకు ఏం కావాలో రాయండి.

ఇక్కడ ఒక మాట. ప్రతి కీర్తననూ ప్రతివారికీ చదివి వినిపించకూడదు. నాన్నగారికి ఇష్టమైనది 42, నీటివాగుల కోసం దుప్పి ఆశపడినట్టు అని మొదలయ్యేది. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు కొలత పెట్టిన మనిషి ముందు దాన్ని చదవబోయి ఆగిపోయాను. ఆయనే అడిగారు, చదవమ్మా అని. అడిగాక చదివాను.

ఐదో వచనం ‘నేనైతే’ అని మొదలవుతుంది: “నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను.” నాలుగుకీ ఐదుకీ మధ్య ఏం జరిగిందో కీర్తన చెప్పదు. శత్రువు పోయాడని లేదు, జవాబు వచ్చిందని లేదు. మారింది దావీదు చూపు ఒక్కటే. మనం చేసే పెద్ద తప్పు మొదటి నాలుగు వచనాలనూ దాటేసి ఇక్కడికి దూకడం. పరామర్శకు వచ్చినవాళ్లు కూర్చోకముందే “అంతా మేలుకేనమ్మా” అంటారు. ఆ మాట చెప్పే రోమా 8:28 సత్యమే, నేను నమ్ముతాను. కానీ ఇంకా రెండో వచనంలో ఉన్న మనిషిని చెయ్యి పట్టి ఐదుకు లాగకూడదు. కాసేపు ఆ రెండులోనే పక్కన కూర్చోవాలి.

అందుకని ఈ వారం మొదటి మూడు రోజులూ 1, 2 వచనాలు మాత్రమే, తర్వాత రెండు రోజులు 3, 4. ఆరో రోజున ‘నేనైతే’ అని రాసి వాక్యం పూర్తి చేయడానికి ప్రయత్నించండి. రాకపోతే ఖాళీగా వదిలేసి కింద తేదీ వేయండి. నా నోటుబుక్కులో ఆ ఖాళీ ఐదు వారాలు అలాగే ఉంది.

వచ్చే పాఠం 88వ కీర్తన. చీకటే తనకు బంధువర్గమైందని చెప్పి అది ఆగిపోతుంది. దాన్ని రాత్రిపూట ఒంటరిగా తెరవకండి. పగలు, ఇంకొకరితో కలిసి చదవాలి. ఎవరిని పిలుస్తారో ఈ వారంలోనే అడిగి పెట్టుకోండి.