పార్టీలో తానొక్కడే హీరో అనుకునే ప్లేయర్‌ను దారికి తేవడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలో ఒక్కో సాహసి పాత్రను (క్యారెక్టర్) ఆడే నలుగురైదుగురు ప్లేయర్లు, కథ నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) కలిసి మూడు నాలుగు గంటలు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ పాత్రల జట్టునే పార్టీ అంటారు. వాళ్లలో ఒకరు పక్కవాళ్ల మాటకు అడ్డొస్తూ, "నీకు తెలీదులే, నేను చెప్పినట్టు చెయ్" అంటూ, కథలో ఎదురైన ప్రతి రాజుతోనూ తానే మాట్లాడేస్తుంటే రెండు మూడు సెషన్లకే మిగతావాళ్లు ఫోన్లు చూసుకోవడం మొదలుపెడతారు. ఆ తర్వాత "ఈ వారం కుదరదు" అని మెసేజ్‌లు వస్తాయి. చాలా సెషన్ల పాటు సాగాల్సిన కథ, అంటే క్యాంపెయిన్, అలా ఆగిపోతుంది. దీన్ని ఆపవచ్చు. అయితే డీఎం ముందు ఆట నడిచే తీరును సరిచేయాలి, ఆ తర్వాతే మనిషితో మాట్లాడాలి.

ముందు తేల్చుకోండి: పొగరు క్యారెక్టర్‌దా, ప్లేయర్‌దా?

అందర్నీ చిన్నచూపు చూసే ఎల్ఫ్ జమీందారు పాత్ర పార్టీలో ఉంటే ఆట రక్తి కడుతుంది. ఆ పాత్ర ఆడేవాళ్లు తమ క్యారెక్టర్ బురదలో పడినప్పుడు అందరితో కలిసి నవ్వగలిగితే మీకు ఇబ్బందేమీ లేదు. మూడు విషయాలు గమనించండి. ఆ సీన్ అయ్యేసరికి మిగతావాళ్లకు చేయడానికి ఏమైనా మిగిలిందా? తన క్యారెక్టర్ ఓడిపోతే ఒప్పుకుంటున్నాడా? ఎవరైనా "ఇక చాలు" అంటే ఆగుతున్నాడా? మూడింటికీ జవాబు "లేదు" అయితే అది పాత్ర స్వభావం కాదు.

ఒక సెషన్ లెక్క రాయండి

డీఎం తెర వెనక ఒక కాగితం మీద అందరి పేర్లూ రాసుకోండి. ఎవరు నిర్ణయం తీసుకుంటే వాళ్ల పేరు పక్కన ఒక గీత గీయండి. ఎవరి మాట మధ్యలో తెగితే వాళ్ల పేరు పక్కన ఒక చుక్క పెట్టండి. అంతే, ఎవరికీ చెప్పక్కర్లేదు. "నువ్వెప్పుడూ ఇంతే" అంటే గొడవ పెరుగుతుంది. "నిన్న క్లెరిక్ మాట ఐదుసార్లు మధ్యలో తెగింది" అంటే వాదించడానికి ఏమీ ఉండదు. (క్లెరిక్, రోగ్, విజార్డ్ లాంటివి క్యారెక్టర్ల రకాలు: పూజారి, దొంగ, మంత్రగాడు.)

ఈ కాగితం మీ తప్పు కూడా చూపిస్తుంది. "ఇప్పుడేం చేస్తారు?" అని డీఎం అందర్నీ కలిపి అడిగితే, ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లదే నిర్ణయం అవుతుంది. నెమ్మదిగా ఆలోచించేవాళ్లకు ఆ పందెంలో చోటుండదు. అందరినీ కాకుండా ఒక్కరినే, పేరు పెట్టి అడగండి: "రోగ్, నువ్వు ఆ తలుపు దగ్గర ఉన్నావు. ఏం చేస్తున్నావు?" ఆ తర్వాత పది సెకన్లు మౌనంగా ఉండండి. మధ్యలో ఇంకొకరు మాట్లాడబోతే చెయ్యి కాస్త ఎత్తి, "నీ దగ్గరికే వస్తాను" అంటే చాలు.

రూల్స్ వల్లే పొగరు పెరుగుతోందేమో చూడండి

చాలామంది డీఎంలు దీన్ని గమనించరు. 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌నే తీసుకోండి. ఐదో లెవెల్ విజార్డ్‌కు మూడో స్థాయి స్పెల్ స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) రెండుంటాయి. ఒక్కో ఫైర్‌బాల్ (అగ్నిగోళం మంత్రం) 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్న వాళ్లందరి మీదా ఎనిమిది డీ6ల (ఆరు ముఖాల పాచికలు) డ్యామేజ్ వేస్తుంది, అంటే సగటున 28; తప్పించుకోగలిగినవాళ్లకు అందులో సగం. మీ కథలో రోజుకు ఒకే పోరాటం ఉంటే, ఆ విజార్డ్ రెండు ఫైర్‌బాల్స్ వేసేసి లాంగ్ రెస్ట్ (సుదీర్ఘ విశ్రాంతి) తీసుకుని స్లాట్లు నింపుకుంటాడు, మర్నాడు మళ్లీ రెండు వేస్తాడు. ఫైటర్ కత్తి దూసేలోపే పోరు అయిపోతుంది. ఇలా పది వారాలు నడిస్తే "ఈ పార్టీని మోస్తున్నది నేనే" అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ ఎడిషన్ డంజన్ మాస్టర్ గైడ్ లెక్క వేరు. ఒక పార్టీ రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన పోరాటాలను తట్టుకోగలదని, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు అవసరమవుతాయని అది అంచనా వేస్తుంది. గంటసేపటి షార్ట్ రెస్ట్‌తో ఫైటర్‌కు అదనపు చర్య ఇచ్చే యాక్షన్ సర్జ్, మాంక్ వాడే 'కీ' అనే శక్తి, వార్లాక్ స్పెల్ స్లాట్లు తిరిగొస్తాయి. విజార్డ్ స్లాట్లలో ఎక్కువ భాగం మాత్రం ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ దాకా ఆగాలి. ఒక్క సాయంత్రంలో ఆరు పోరాటాలు ఎవరికీ కుదరవు కాబట్టి కథలోని ఒక రోజును రెండు మూడు సెషన్లకు సాగదీయండి. అప్పుడు నాలుగో పోరాటానికి విజార్డ్ స్లాట్లు అడుగంటుతాయి, ఫైటర్ అవసరం బల్ల దగ్గరున్న అందరికీ కనిపిస్తుంది. ఎవర్నీ ఒక్క మాట అనాల్సిన పని ఉండదు.

మాటల సీన్లకూ ఇదే వర్తిస్తుంది. కరిజ్మా (మాటతో ఆకట్టుకునే శక్తి) 18 ఉన్న బార్డ్ (గాయకుడి పాత్ర) ఉంటే మిగతావాళ్లు నోరు విప్పరు, విప్పితే నష్టమని వాళ్ల భయం. అందుకే ఎదుటి పాత్ర చేత నేరుగా అడిగించండి. "నీ గాయం చూస్తుంటే ఆ యుద్ధంలో ఉన్నట్టున్నావే" అని ఊరి కమ్మరి బార్బేరియన్‌నే అడిగితే, ఆ జవాబు బార్డ్ చెప్పలేడు. పార్టీ అంతా నక్కి నక్కి వెళ్తున్నప్పుడు గ్రూప్ చెక్ పెట్టండి: అందరూ డైస్ వేస్తారు, సగం మంది గెలిస్తే పార్టీ గెలిచినట్టే. ఒకరు ప్రయత్నిస్తుంటే ఇంకొకరిని హెల్ప్ చేయమనండి. రెండు డీ20లు (ఇరవై ముఖాల పాచికలు) వేసి పెద్దది తీసుకునే అడ్వాంటేజ్ వస్తుంది కాబట్టి పక్కవాళ్లను కలుపుకోవడం వాళ్లకూ లాభమే.

బల్ల కట్టుబాట్లు నాలుగు పెట్టండి

క్యాంపెయిన్ మొదలుకాకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరోలో పెడితే మంచిది. అప్పుడు పెట్టకపోతే వచ్చే సెషన్ మొదట్లో ఐదు నిమిషాలు తీసుకోండి. ఎవరి పేరూ ఎత్తకుండా అందరికీ కలిపి చెప్పండి.

ఒకటి, అడిగితేనే సలహా. టర్న్ ఎవరిదో నిర్ణయం వాళ్లది, తప్పయినా సరే. పోరాటంలో టర్న్‌కు ఒక నిమిషం ఇవ్వండి. అప్పటికీ తేలకపోతే ఆ క్యారెక్టర్ డాడ్జ్ చేసినట్టు, అంటే దాడులు తప్పించుకుంటూ గడిపినట్టు లెక్క. కొత్తవాళ్లకు మొదటి రెండు సెషన్లు గడియారం పెట్టకండి.

రెండు, డీఎం అడిగాకే డైస్ వేయాలి. "20 పడింది, రాజు సింహాసనం ఇచ్చేయాలి" అనే గొడవ ఇక్కడే ఆగుతుంది. ఐదో ఎడిషన్‌లో సహజ 20 (పాచిక మీదే 20 అంకె పడటం) వస్తే దాడి కచ్చితంగా తగులుతుంది. మామూలు ఎబిలిటీ చెక్‌కు (సామర్థ్యాన్ని పరీక్షించే రోల్) ఆ రూల్ లేదు. రోల్‌కు ముందే "గెలిస్తే రాజు నీ మాట వింటాడు, అంతవరకే" అని చెప్పేయండి.

మూడు, రూల్ మీద వాదనకు రెండు నిమిషాలు. ఒకసారి చెప్పుకోవచ్చు, డీఎం తీర్పు ఇస్తారు, కాగితం మీద రాసుకుని సెషన్ అయ్యాక పుస్తకం చూస్తారు. తీర్పు తప్పని తేలితే మర్నాడే ఒప్పుకోండి. ఈ ఒక్క పనితో సగం వాదనలు తగ్గుతాయి, ఎందుకంటే తన మాట ఎక్కడికీ పోలేదని వాదించే మనిషికి నమ్మకం కుదురుతుంది.

నాలుగు, తోటి క్యారెక్టర్‌ను కొట్టినా, దోచినా, పర్సుయేషన్‌తో (మాటతో ఒప్పించే నైపుణ్యం) లొంగదీయాలని చూసినా ఫలితం ఆ ఎదుటి ప్లేయరే చెప్తారు. దీనికి డైస్ ఉండదు.

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకు ఇంకొకటి కావాలి. వాయిస్ కాల్‌లో ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే మెత్తనివాళ్లు ఆగిపోతారు, గొంతు పెద్దవాళ్లు కొనసాగిస్తారు. మాట్లాడాలనుకున్నవాళ్లు చాట్‌లో "1" అని పెట్టాలి, డీఎం ఆ వరసలోనే పిలవాలి.

విడిగా మాట్లాడండి

ఇవన్నీ పెట్టాక కూడా తీరు మారకపోతే తర్వాతి సెషన్ లోపు ఆ ఒక్కరితో పదిహేను ఇరవై నిమిషాలు మాట్లాడండి. ఫోన్‌లోనో, టీ కొట్టు దగ్గరో మాట్లాడండి గానీ వాట్సాప్ మెసేజ్ పెట్టకండి. రాసిన మాటలో గొంతు ఉండదు, స్క్రీన్‌షాట్ మాత్రం ఉంటుంది. అర్ధరాత్రి సెషన్ అయిన వెంటనే కూడా వద్దు, అందరూ అలసిపోయి ఉంటారు.

చూసింది చెప్పండి, దాని వల్ల జరిగింది చెప్పండి, కావలసింది అడగండి. "నిన్న గుహలో రేంజర్ ప్లాన్ చెప్తుంటే మూడుసార్లు మధ్యలో ఆపావురా. ఆ తర్వాత తను గంటసేపు మాట్లాడలేదు. వచ్చే వారం తన మాట పూర్తయ్యేదాకా ఆగు." "నీకు పొగరు" అనే మాట రానీయకండి. ఆ ముద్ర పడితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

రాబోయే జవాబులు ముందే తెలిసినవే. "నా క్యారెక్టర్ అలాంటివాడు" అంటే, "ఆ క్యారెక్టర్‌ను తయారుచేసింది నువ్వే. ఈ నలుగురితో కలిసి నడవడానికి వాడికో కారణం కూడా నువ్వే తయారుచెయ్" అనండి. "వాళ్లు మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడుతున్నా" అంటే అందులో కొంత నిజముంది, ఒప్పుకోండి. పది లెక్కపెట్టాక మాట్లాడమనండి. "నాకొక్కడికే రూల్స్ వచ్చు" అంటే పుస్తకంలో పేజీ వెతికే పని అప్పగించండి. వెతకడం వరకే, తీర్పు మీ దగ్గరే ఉండాలి. చాలామంది ఈ గౌరవం దొరకగానే మెత్తబడతారు.

మన గ్రూపుల్లో ఒక చిక్కు ఉంది. ఆ ప్లేయర్ కాలేజీ సీనియరో, ఆఫీసులో పెద్దో, వరసకు అన్నో అయితే చిన్నవాళ్లు ఎదురు చెప్పలేరు. ఆ భారం వాళ్ల మీద వేయకండి, "అందరూ అనుకుంటున్నారు" అని వాళ్లను ముందుకు తోయకండి. డీఎం తన మాటగానే చెప్పాలి: "అన్నా, నువ్వు చెప్తే వీళ్లు కాదనలేరు. అందుకే వాళ్లు చెప్పాక చివర్లో నువ్వు చెప్పు." పెద్దరికాన్ని గుర్తిస్తూనే వంతు మార్చే మాట ఇది.

కథలో శిక్ష వేయకండి

కోపంలో డ్రాగన్‌ను పంపి ఆ క్యారెక్టర్‌ను చంపాలని అనిపిస్తుంది. చేయకండి. డీఎం తనతో పోటీ పడుతున్నాడని ఆ ప్లేయర్‌కు అర్థమవుతుంది, ఇంకా బలమైన క్యారెక్టర్‌తో తిరిగొస్తాడు. ఏం తప్పు చేశాడో మాత్రం తెలియదు. పర్యవసానం వేరు, అది ఉండాలి. కొలువులో రాణిని తిట్టబోతుంటే "ఇక్కడ కాపలాదార్లు పన్నెండుమంది ఉన్నారు, అరెస్టు చేస్తారు. అయినా అంటావా?" అని ముందే అడగండి. తెలిసి చేస్తే ఫలితం న్యాయమైనది. అది ఆ క్యారెక్టర్ మీదే పడేలా చూడండి, పార్టీ మొత్తం జైలుకెళ్తే శిక్ష పడేది మిగతా నలుగురికి.

పొగరు అవమానం దాకా వెళ్తే, అంటే కులం, మతం, ఒంటి తీరు, ఆడపిల్ల అన్న మాటల దాకా వస్తే పై మెట్లేవీ వద్దు. ఆట అక్కడే ఆపి, ఆ రోజుకు ఆ మనిషిని పంపించేయండి.

మారకపోతే

మాట్లాడాక రెండు సెషన్లు చూడండి, గీతల కాగితం మళ్లీ తీయండి. చుక్కలు తగ్గుతుంటే ఒకసారి "నిన్న అందర్నీ బాగా ఆడనిచ్చావు" అని చెప్పండి. తగ్గకపోతే ఇంకోసారి, ఈసారి స్పష్టంగా చెప్పండి: ఇలాగే ఉంటే ఈ క్యాంపెయిన్‌లో కలిసి ఆడలేం. అదీ పని చేయకపోతే ముందు ఆ ఒక్కరికే చెప్పండి: "మన స్నేహం వేరు, ఈ ఆట వేరు. ఈ గ్రూపుతో నీ ఆట కుదరడం లేదు." ఆ తర్వాత మిగతావాళ్లకు ఒక్క వాక్యంలో తెలపండి. క్యారెక్టర్‌ను వెక్కిరింతగా చంపకండి, సొంత ఊరికి వెళ్లిపోయాడని చెప్పి పంపండి.

ఆ తర్వాతి మొదటి సెషన్‌లో నిశ్శబ్దం ఎక్కువగా ఉంటుంది. నిర్ణయాలు ఇంకొకరు తీసుకోవడానికి అందరూ అలవాటుపడి ఉంటారు. ఇంతకాలం మాట్లాడని ప్లేయర్ క్యారెక్టర్ గతం నుంచి ఒక మనిషిని ఆ రోజు ఊళ్లోకి రప్పించండి, తప్పిపోయిన చెల్లెలో, అప్పిచ్చిన వ్యాపారో. తలుపు కొట్టించి, పేరు పెట్టి పిలిపించి, పది సెకన్లు ఆగండి.