డ్రైవ్ ఇంపాక్ట్ ఎందుకు తింటున్నానో తెలిసింది

స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ వీడియోగేమ్‌లో నన్ను ఓడించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. గోడ దగ్గరికి నెట్టి, డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బ కొడితే చాలు. బ్లాక్ చేసినా గోడకు కొట్టుకుని పడతాను. నా రిఫ్లెక్సులే స్లో అని సర్దిచెప్పుకున్నాను.

లెక్క చూస్తే ఆ సాకు నిలవలేదు. ఆ దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 0.43 సెకను. ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీ (సాధన కోసం గేమ్ ఇచ్చే ప్రత్యర్థి) చేత అదొక్కటే కొట్టిస్తే, నేనూ అదే కొట్టి పదికి తొమ్మిదిసార్లు కూలదోశాను. మరి మ్యాచ్‌లో ఏమైంది?

పాత రీప్లేలు పెట్టి, ఇన్‌పుట్లు కనిపించేలా చేసి, మెల్లగా తిప్పి చూశాను. ప్రత్యర్థి ఇంపాక్ట్ మొదలుపెట్టే ప్రతిసారీ నేను గాల్లోకి హెవీ కిక్ విసురుతూ ఉన్నాను. ఊరికే, ఏ కారణం లేకుండా. ఆ కిక్ పూర్తయ్యేదాకా ఏం నొక్కినా పలకదు. లోపం కళ్లలో లేదు, ఖాళీగా ఉండలేని వేళ్లలో ఉంది.

డమ్మీకి నాలుగు రికార్డ్ చేశాను: నడక, జంప్, త్రో (బ్లాక్ చేసినా పట్టుకుని విసిరేసే ఎత్తు), ఇంపాక్ట్. ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా కలిపి వదిలాను. రోజూ పావుగంట. మొదటి మూడు రోజులు వాడు ఊరికే నడిచొచ్చినా ఉలిక్కిపడి ఇంపాక్ట్ కొట్టేశాను, నాకే నవ్వొచ్చింది. మ్యాచ్‌లో మాత్రం గోడ దగ్గర హెవీ బటన్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

రెండు వారాలకు ఇంపాక్ట్‌లు తినడం బాగా తగ్గింది. ఇప్పుడు బుద్ధిగా కూర్చుని త్రోలు తింటున్నాను.