కాటి సీనుకు గుడ్డ మంట: నిప్పు ముట్టించకుండా చితి

కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించడం వీధి నాటకాల నాటి పద్ధతి. ఆరుబయట మట్టినేల మీద అది చెల్లింది. ఇప్పుడు తిరునాళ్ళ స్టేజీకి పైన షామియానా, వెనక నైలాన్ తెరలు, కింద చెక్కబల్లలు, వాటి సందుల్లో వైర్లు. గాల్లోకి లేచిన పొడి ఒక్కసారిగా అంటుకుంటుంది. మంట ఎంత ఎత్తు లేస్తుందో చల్లినవాడి చేతిలో ఉండదు. కరెంటుతో ముట్టించే బాణసంచా కూడా పందిరి కింద వద్దే వద్దు. నాటకంలో కాటి సీనుకు గుడ్డ మంట చాలు: పెట్టెలోని ఫ్యాను గాలికి పట్టుగుడ్డ లేస్తుంది, దాని మీద రంగు లైటు పడితే మంటలా కనిపిస్తుంది.

ప్లైవుడ్ పెట్టె 45 సెం.మీ. చదరం, 30 సెం.మీ. ఎత్తు. కింద 10 సెం.మీ. కాళ్ళు తప్పనిసరి, లేకపోతే ఫ్యానుకు గాలి అందదు. అడుగున 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పైకి ఊదేలా బిగించి, కింద జాలీ కొట్టాలి. పెట్టె మూతి మీద కోళ్ళగూటికి వాడే జాలీ. గుడ్డ దానికే కుట్టాలి.

గుడ్డ తెల్లటి పలుచని పట్టే కావాలి. శాటిన్ బరువుకు లేవదు. ఎరుపు, పసుపు గుడ్డలు కొనొద్దు, రంగు లైటు నుంచి రావాలి. 75 సెం.మీ. ముక్కలు మూడు, 45 సెం.మీ. ముక్కలు నాలుగు, మొదలు 15 సెం.మీ. వెడల్పు, పైకి కొసగా. పొడుగువి నడుమ, పొట్టివి చుట్టూ. అంచు మడిచి కుట్టకూడదు, ఆ బరువుకే కొస వాలిపోతుంది. జిగ్‌జాగ్ కత్తెరతో కోస్తే పోగులు తొందరగా ఊడవు.

పెట్టె లోపల మూలల్లో 10 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు మూడు, గుడ్డ వైపు వాలుగా. రెండిటికి ఆంబర్ (నారింజ పసుపు) జిలెటిన్ పేపరు, ఒకదానికి ఎరుపు. హాలోజన్ పెట్టారంటే ఆ వేడికి గుడ్డ నిజంగానే అంటుకోవచ్చు.

అసలు పనితనం రెపరెపలో ఉంది. 40 లేదా 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బుకు, ట్యూబులైటు స్టార్టరును ఫేజు వైరులో సిరీస్‌గా కలపండి. స్టార్టరులోని రేకు వేడికి వంగి తగులుతుంది, బల్బు వెలుగుతుంది. చల్లబడి విడిపోతుంది, బల్బు ఆరుతుంది. ఎల్‌ఈడీ బల్బుతో ఇది సరిగా పనిచేయదు. రెండు బల్బులకు రెండు స్టార్టర్లు వేరువేరుగా పెడితే ఒకే తాళంలో మినుకవు. వీటిని పెట్టెలో కాదు, పెట్టె చుట్టూ పేర్చే కట్టెల వెనక, పింగాణీ హోల్డరులో, చుట్టూ జాలీ పెట్టి, గుడ్డకు దూరంగా ఉంచాలి. ఆ వెలుగు పాత్రధారి ముఖం మీద ఆడితే చూసేవాళ్ళు పెట్టెను పట్టించుకోరు. బల్బు ఆరకుండా నిలకడగా వెలుగుతోందంటే స్టార్టరు రేకు అతుక్కుపోయింది, మార్చేయడమే. జేబులో నాలుగు స్టార్టర్లు ఉండాలి.

గుడ్డ కర్రల్లా నిటారుగా నిలిచిందంటే గాలి ఎక్కువైంది, కింద అట్టముక్కతో కొంత మూయండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో పక్కగాలి మంటను ఒకవైపు పడేస్తుంది. చుట్టూ పెట్టె మూతిని దాటేంత ఎత్తుగా కట్టెలు పేర్చి, గాలి వచ్చే వైపు పెట్టె పక్కనే ఒక ఫ్లాటు (చట్రానికి గుడ్డ బిగించిన సీను పలక) నిలబెట్టండి. చలికాలం రాత్రి మంచుకు పట్టు చెమ్మగిల్లి బరువెక్కుతుంది, కాబట్టి సీను వచ్చేదాకా పెట్టె మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచాలి.

పొగ మిషను పెట్టె వెనక, ఫ్యానుకు అందనంత దూరంలో ఉండాలి. ఆ పొగ పీలిస్తే గుడ్డ జిడ్డు పట్టి ఒకదానికొకటి అంటుకుంటుంది. 900 వాట్ల మిషను దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడిగా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండి.

మొత్తం లైనుకు ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి) ఉండాలి. జనరేటరు మీద ఆడేటప్పుడు దాని న్యూట్రల్ ఎర్త్‌కు కలిపి లేకపోతే, షాకు కొట్టినా ఆర్‌సీసీబీ పడకపోవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ కడ్డీ పాతించి, న్యూట్రల్ కలిపించి, టెస్ట్ బటన్ నొక్కి చూశాకే తెర ఎత్తండి.

సీను మొదట్లో చీకట్లోనే ఫ్యాను వేసి, గుడ్డ లేచాక లైట్లు. చివర్లో ముందు లైట్లు ఆర్పి, రెండు సెకన్లు ఆగి ఫ్యాను. ఇది తలకిందులైతే వెలుగులో గుడ్డ కుప్పకూలడం జనం కంట పడుతుంది.